ఎత్తు మళ్ళలో తుంగ, ఎర్రచీమలు: ఉగాది విత్తనాలకు ముందు ఏం చేయాలి?

బెండతోట (హెచ్ఎస్ఆర్ లేఅవుట్, బెంగళూరు) | ఫిబ్రవరి 8, ఉదయం

అందరికీ నమస్కారం. ఇంటి పక్కన ఇటుకలతో కట్టిన ఎత్తు మళ్ళు నాలుగు ఉన్నాయి. ఒక్కోటి ఎనిమిది అడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు, అడుగున్నర ఎత్తు. పోయిన వానాకాలంలో ఎర్రమట్టి, పశువుల ఎరువు తోలించి నింపాం. చలికాలం పంట టమాటా, చిక్కుడు, ముల్లంగి అయిపోయింది. ఈసారి ఉగాది మార్చి 19న కదా, ఆలోపు బెండ, బీర, దోస, గోంగూర, తోటకూర పెట్టాలని ఉంది.

ఇప్పుడు మళ్ళ నిండా కలుపు. నేలమీద పాకే ఎర్రకాడల మొక్క ఒకటి, మూడు ఆకుల చిన్న పులుపు మొక్క ఒకటి. ఇంకొకటి ఉంది, దాంతోనే నాకు టెన్షన్. సన్నగా, మెరిసే ఆకుతో నిటారుగా వస్తుంది, పీకితే పైది చేతికి వచ్చి వారంలో మళ్ళీ అక్కడే లేస్తుంది.

రెండోది చీమలు. ఇటుకల అంచు వెంబడి సన్నటి మట్టి కుప్పలు పోశాయి. చెయ్యి పెడితే చిన్న ఎర్రచీమలు మణికట్టు దాకా ఎక్కి కుడతాయి. జనవరిలో చల్లిన తోటకూర గింజలు దాదాపు మొలవలేదు, వరసగా నోట పట్టుకుని పోతుంటే చూశాను. మిగిలిన చిక్కుడు పాదు మీద నల్లచీమలు వేరే ఉన్నాయి. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నారు, పొడి మందులు వద్దు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.


కోలారు_రైతుబిడ్డ (కె.ఆర్. పురం) | ఫిబ్రవరి 8, మధ్యాహ్నం

బెండతోట గారూ, మీకు టెన్షన్ పెడుతున్నది తుంగ. కాండాన్ని రెండు వేళ్ళ మధ్య పెట్టి తిప్పి చూడండి, మూడు పలకలుగా తగులుతుంది. గరిక, ఊదలాంటి గడ్డికాడ అలా ఉండదు. అనుమానం ఉంటే ఒక మొక్క చుట్టూ జానెడు లోతు మట్టి తీసి చూడండి. నల్లటి సన్నని తీగలాంటి వేరుకు గడ్డలు వరసగా వేలాడుతుంటాయి. ఒకదాన్ని విరిస్తే లోపల తెల్లగా ఉండి కర్పూరం కలిసిన వాసన వస్తుంది. ఆయుర్వేదం అంగట్లో తుంగముస్తలని అమ్మేవి అవే.

పైమొక్కను పీకితే తీగ తెగి గడ్డలు కిందే ఉండిపోతాయి. అవన్నీ నిద్ర లేస్తాయి. అందుకే పీకేకొద్దీ ఎక్కువైనట్టు కనిపిస్తుంది. పారతో నరికి కలిపేస్తే ఇంకా చెడ్డ, ఒక గొలుసు పది ముక్కలై మడంతా పరుచుకుంటుంది.

చేయాల్సింది ఇది. ముందురోజు సాయంత్రం మడిని తడపండి. పొద్దున మట్టి పొడిపొడిగా విడిపోయే పదునులో ఉన్నప్పుడు తొలికతోనో (కలుపు తీసే చేతి పనిముట్టు), ముళ్ళ పారతోనో కిందనుంచి ఎత్తండి. నరకొద్దు. గడ్డలు ఎక్కువ భాగం పై జానెడు మట్టిలోనే ఉంటాయి. ఎత్తిన మట్టిని ఇసుక జల్లెడ మీద వేసి ఊపితే గడ్డలు పైన నిలుస్తాయి. ఏరినవాటిని కంపోస్టు తొట్టిలో మాత్రం వేయకండి. బండ మీద ఎండలో పరిచి గలగలమనేదాకా ఎండనివ్వండి, ఫిబ్రవరి ఎండకు చచ్చిపోతాయి.

అన్నీ దొరకవు. మిగిలినవి మొలుస్తాయి. ఐదారు ఆకులు రాకముందే మళ్ళీ తొలిక పెట్టి గడ్డతో సహా తీయాలి. అది దాటితే కొత్త గడ్డలు పెట్టడం మొదలుపెడుతుంది. వేసవి మొత్తం ఆ కాపలా ఉంటే రెండో ఏడాదికి తుంగ మీ మాట వింటుంది.


సర్జాపుర_సైటు | ఫిబ్రవరి 8, రాత్రి

నాలుగు మళ్ళకు ఇంత కష్టం ఎందుకండీ. గడ్డిమందు ఒకసారి కొట్టేస్తే తుంగ వేరుదాకా పోతుంది. చీమలకు మా ఊళ్ళో గమాక్సిన్ చల్లేవాళ్ళం, రెండో రోజుకు ఒక్కటి కనిపించేది కాదు.


పురుగుల_డైరీ (హెబ్బాళ) | ఫిబ్రవరి 8, రాత్రి

సర్జాపుర గారూ, దయచేసి ఈ రెండూ ఎవరికీ సలహాగా ఇవ్వొద్దు. నేను పురుగుల శాస్త్రం చదువుకున్నదాన్ని, అందుకే గట్టిగా చెబుతున్నాను.

గమాక్సిన్ అని మనం పిలిచే బీహెచ్‌సీ పొడి మన దేశంలో 1997లోనే నిషేధం. దాని తమ్ముడు లిండేన్ తయారీని 2011లో, వాడకాన్ని 2013లో ఆపేశారు. కారణం చిన్నది కాదు. మట్టిలో ఏళ్ళ తరబడి ఉంటుంది, కొవ్వులో పేరుకుంటుంది, ఆకుకూర ద్వారా నేరుగా పిల్లల కంచంలోకి వస్తుంది. పాత డబ్బా ఎక్కడైనా మిగిలి ఉంటే తెరవకండి.

గడ్డిమందు అంటే మీరు చెప్పేది గ్లైఫోసేట్ అనుకుంటున్నాను. 2022 అక్టోబరులో కేంద్రం దాని వాడకాన్ని లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకే పరిమితం చేసింది. కూరగాయల మడిలో మనం కొట్టుకునే మందు కాదది.

చీమల గురించి రేపు తీరిగ్గా రాస్తాను. బెండతోట గారూ, ఈలోపు ఒక పని చేయండి. ఒక కాగితం మీద ఒక పక్క బెల్లం ముక్క, ఇంకో పక్క వేయించిన పల్లీల పొడి పెట్టి ఎర్రచీమల దారిలో ఉంచండి. దేనికి ఎక్కువ పడ్డాయో చెప్పండి.


టెర్రస్_తమ్ముడు (మారతహళ్ళి) | ఫిబ్రవరి 9

తుంగకూ మిగతా కలుపుకూ కలిపి నాది ఒకటే మాట, ప్లాస్టిక్ షీటు. మడిని బాగా తడిపి, చదును చేసి, పారదర్శకమైన పల్చటి పాలిథీన్ పరిచి అంచులు మట్టితో మూసేయండి. ఇప్పటినుంచి ఉగాది దాకా ఐదు వారాలు ఉంది, సరిగ్గా సరిపోతుంది. నల్ల షీటు కొనకండి. నలుపు తానే వేడెక్కుతుంది, పారదర్శకం అయితే ఎండ లోపలికి దిగి మట్టి వేడెక్కుతుంది.

చీమలకు మరిగే నీళ్ళు. పుట్ట మీద ఒక బిందె పోస్తే సరి.


అడయారు_పాదు (చెన్నై) | ఫిబ్రవరి 9

షీటు విషయంలో తమ్ముడి మాటకు నా ఓటు, కానీ ఒక తేడా చెప్పాలి. మా చెన్నైలో ఏప్రిల్, మే నెలల్లో ఇది చేస్తాం. అప్పుడు మడి ఎలాగూ ఖాళీగా ఉంటుంది, ఎండ మండిపోతుంది, మట్టిలో చిన్న గింజలన్నీ ఉడికిపోతాయి. బెంగళూరులో ఫిబ్రవరి రాత్రులు ఇంకా చల్లగానే ఉంటాయి కదా. పాయల కూర, తోటకూర జాతి కలుపు గింజలు పై రెండు అంగుళాల్లో చాలావరకు పోతాయి. లోతుగా ఉన్న తుంగ గడ్డ మాత్రం పోదు.

ఇంకో చిత్రం చూశాను. నల్ల షీటును తుంగ సూదిలా పొడుచుకుని పైకి వస్తుంది. పారదర్శకమైన షీటు కింద అయితే వెలుతురు తగలగానే ఆకు విప్పేసుకుంటుంది, షీటును పొడవలేక అక్కడే మాడుతుంది. ఆకు మాడినా గడ్డ బతికే ఉంటుంది. కాబట్టి కోలారు అన్న చెప్పినట్టు ముందు తవ్వి ఏరాలి, తర్వాతే షీటు.


బెండతోట | ఫిబ్రవరి 9, సాయంత్రం

అందరికీ చాలా థాంక్స్. మూడు పలకల కాండం నిజమే. ఒక చోట తవ్వితే అరచేతిలో పట్టనన్ని గడ్డలు వచ్చాయి. ఇవి మట్టితోనే వచ్చి ఉంటాయా?

పురుగుల డైరీ గారూ, ఎర్రచీమలు బెల్లాన్ని పెద్దగా పట్టించుకోలేదు. పల్లీ పొడి మాత్రం గంటలో మాయం. చిక్కుడు మీది నల్లచీమలు బెల్లానికే చేరాయి.


కోలారు_రైతుబిడ్డ | ఫిబ్రవరి 9, రాత్రి

మట్టితోనే వచ్చాయి. బెంగళూరులో టిప్పర్ మట్టి అంటే ఎక్కడో పునాది తవ్విన మట్టి, లేదా చెరువు పక్క పొలం మట్టి. చూడకుండా దింపుకుంటే తుంగ ఉచితం. మట్టి తోలించకముందు ఒక బస్తా తెప్పించి, తడిపి పక్కన పెడితే రెండు వారాల్లో దాని జాతకం తెలిసిపోతుంది. సగం మాగిన పేడ ఎరువుతోనూ కలుపు గింజలు వస్తాయి. కుప్ప లోపల చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, తిరగేసి, మళ్ళీ వేడెక్కి చల్లారిన ఎరువులోనే గింజలు చస్తాయి.


పెరటి_పెద్దమ్మ (మల్లేశ్వరం) | ఫిబ్రవరి 10, ఉదయం

అమ్మా, ఆ ఎర్రకాడల మొక్క గంగవాయల కూర, పాయల కూర అన్నా ఇదే. మందపాటి ఆకు, కాడ తుంచితే నీరు వస్తుంది, పూవు పసుపు. దాన్ని కలుపని పారేయకు. పెసరపప్పులో వేసి, వెల్లుల్లి తాలింపు పెడితే అన్నంలోకి ఎంత బాగుంటుందో. రోడ్డు పక్కది కాదు, మన మడిలోదే కోసుకోవాలి. పీకి పక్కన పడేస్తే మాత్రం కాడ మళ్ళీ వేరు పెడుతుంది, అందుకని తీస్తే వంటింటికే తీసుకుపో.

మూడాకుల పులుపు మొక్క పులిచింత. దాని కాయ పండితే ముట్టుకోగానే చిటపటమని గింజలు ఎగజిమ్ముతుంది. కాయ కట్టకముందే తీసేయి.

చిక్కుడు పాదు మీద నల్లచీమలు ఉన్నాయంటే లేత తీగ చివర తిప్పి చూడు. పేనుబంక ఉంటుంది.


పురుగుల_డైరీ | ఫిబ్రవరి 10, రాత్రి

పెద్దమ్మ గారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. అక్కడినుంచే మొదలుపెడతాను.

చిక్కుడు మీది నల్లచీమలు పాదును తినడం లేదు. పేనుబంక రసం పీల్చి వెనకనుంచి తియ్యటి జిగురు వదులుతుంది, చీమలకు అదే కావాలి. ఆ జిగురు కోసం పేనుబంకను కాపాడతాయి, దాన్ని తినే అక్షింతల పురుగు దగ్గరికొస్తే తరిమేస్తాయి. వంగ మీద, మందారం మీద పిండినల్లితోనూ ఇదే పొత్తు. కాబట్టి అక్కడ చీమను చంపి లాభం లేదు, పేనుబంకను తీయాలి. పాత పాదును ఇప్పుడే పీకి సంచిలో కట్టేయండి. ఉగాదికి పెట్టే బెండ, బీర మీద మళ్ళీ కనిపిస్తే పైపుతో నీళ్ళు గట్టిగా కొట్టండి. అప్పటికీ ఉంటే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, రెండు మూడు చుక్కల కుంకుడు రసం లేదా సబ్బు నీళ్ళు కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున పడేలా పిచికారీ చేయండి.

ఎర్రచీమల కథ వేరే. ఇవి గింజలు మోసుకుపోతాయి, లేత మొలక మొదట్లో కొరుకుతాయి. నూనె, మాంసకృత్తులు ఉన్న తిండికి పడతాయి, మీ పల్లీ పొడి పరీక్షలో తేలింది అదే. మరిగే నీళ్ళు పోస్తే పైన ఉన్నవి చస్తాయి. రాణి లోతుగా ఉంటుంది, దానిదాకా వేడి దిగదు. పక్కనున్న వానపాములు మాత్రం చస్తాయి. పుట్ట నాలుగడుగుల అవతల మళ్ళీ లేస్తుంది.

రాణిని చేరాలంటే చీమలే మోసుకెళ్ళాలి. అందుకు ఎర. నల్లచీమలకైతే 200 మి.లీ. గోరువెచ్చటి నీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ వెలిగారం (బోరాక్స్) కరిగించాలి. వెలిగారం మూలికల అంగట్లో దొరుకుతుంది. ఎక్కువ వేస్తే త్వరగా పనిచేస్తుందని అనుకోకండి. ఘాటెక్కితే చీమ దారిలోనే చస్తుంది, గూటికి చేరదు. ఒక శాతం చుట్టుపక్కల ఉంటేనే అది ఇంటికెళ్ళి అందరికీ పంచుతుంది. ఎర్రచీమలకు ఇదే పాళ్ళలో మెత్తటి పల్లీ ముద్దలో కలపాలి. వంద గ్రాముల ముద్దకు పావు టీస్పూన్ చాలు.

ఎరను మడిలో పెట్టకూడదు. వెలిగారంలో ఉండే బోరాన్ మట్టిలో ఎక్కువైతే మొక్కల ఆకు అంచులు మాడతాయి. మూత ఉన్న చిన్న ప్లాస్టిక్ డబ్బాకు పక్కన చీమ దూరేంత రంధ్రాలు పెట్టి, ఎరను లోపల ఉంచి, మడి బయట చీమల దారిలో బోర్లించిన ఇటుక కింద దాచండి. పిల్లలున్న ఇల్లు అంటున్నారు, అందుకే మూత టేపుతో బిగించి పైన పెద్దగా రాయండి. వెలిగారం కడుపులోకి వెళ్తే మంచిది కాదు. మొదటి రోజుల్లో చీమలు ఇంకా పెరిగినట్టు కనిపిస్తాయి, తుడిచేయకండి. ఎండిపోతే కొత్తది పెట్టండి. రెండు మూడు వారాల ఓపిక కావాలి.


టెర్రస్_తమ్ముడు | ఫిబ్రవరి 11

అక్కా, పసుపు, దాల్చినచెక్క పొడి, సుద్దముక్క గీత ఇవేవీ పనిచేయవంటారా? మా ఇంట్లో అందరూ పసుపే చల్లుతారు.


పురుగుల_డైరీ | ఫిబ్రవరి 11

పసుపు, దాల్చినచెక్క చీమల వాసన దారిని చెరుపుతాయి తమ్ముడూ, గంటా రెండు గంటలు తిప్పుకుని వేరే దారి వేసుకుంటాయి. విత్తనాలు వేసిన రోజు అంచు చుట్టూ చల్లుకోవడానికి బాగుంటుంది, గూడు మాత్రం పోదు. చీమల సుద్దముక్కలో ఉండేది పైరెత్రాయిడ్ రకం పురుగుమందు. ఇంటి గుమ్మానికి వాడినా సరే, ఆకుకూరల మడికి వద్దు.


పెరటి_పెద్దమ్మ | ఫిబ్రవరి 11

మేము మేడ మీద మడిని ఇనప స్టాండ్ల మీద పెట్టి, కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు ఉంచుతాం. వెనకటికి మిఠాయిల బీరువా కింద పెట్టినట్టే. చీమ దాటలేదు. మూడు నాలుగు రోజులకోసారి నీళ్ళు పారబోసి గిన్నెను రుద్ది కడగాలి, లేకపోతే దోమ గుడ్లు పెడుతుంది, ఈ ఊళ్ళో డెంగీ ఎక్కువ.


కోలారు_రైతుబిడ్డ | ఫిబ్రవరి 12

నేల మీద కట్టిన మడికి గిన్నెలు కుదరవు కాబట్టి తేమే మందు. చీమకు ఎండిన, గుల్లగా ఉండే మట్టి ఇష్టం. పంట అయిపోయాక మనం నీళ్ళు ఆపేస్తాం, అప్పుడే అది కాపురం పెడుతుంది. ఎండిన కొబ్బరి పీచు పొడి ఎక్కువగా ఉన్న మడి అయితే మరీ. ఖాళీ మడిని కూడా వారంలో రెండుసార్లు లోపలిదాకా తడపండి. గూట్లోకి నీరు దిగుతుంటే పిల్లల్ని, గుడ్లను ఎత్తుకుని వాటంతట అవే తరలిపోతాయి. విత్తనాలకు పది పదిహేను రోజుల ముందు చదరపు మీటరుకు ఒక వంద గ్రాముల వేపపిండి పై మట్టిలో కలపండి. ఎరువుకు ఎరువు, వేళ్ళను పీడించే నులిపురుగులూ తగ్గుతాయి.

ఆ తడి కలుపు పనికి కూడా వస్తుంది. మా నాన్న ముల్లంగి మడికి ఇలాగే చేసేవాడు. మడిని విత్తడానికి తయారు చేసినట్టే తయారుచేసి, విత్తకుండా నీళ్ళు పెట్టి వదిలేయాలి. పైనున్న కలుపు గింజలన్నీ పది పన్నెండు రోజుల్లో మొలుస్తాయి. రెండాకుల మీద ఉండగా ఎండ పొద్దున తొలికతో పైపైన, అంగుళం కూడా దిగకుండా గీకేయాలి. లోతుగా తవ్వితే అడుగున నిద్రపోతున్న గింజలు వెలుతురు చూసి లేస్తాయి. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ గీకుడు. ఉగాదికి మీకు రెండు దఫాలు దొరుకుతాయి.


సర్జాపుర_సైటు | ఫిబ్రవరి 12

పురుగుల డైరీ గారూ, మీరు చెప్పింది చదివాక మా షెడ్డులో వెతికాను, పాత పొడి ఏమీ లేదు. మా సైటు పక్క ఖాళీ స్థలం నిండా వయ్యారిభామ. ఇక్కడివాళ్ళు కాంగ్రెస్ గడ్డి అంటారు. గాలికి దాని గింజలు మా మళ్ళలోకి వస్తున్నాయి. మందు వద్దంటే ఏం చేయాలి?


పురుగుల_డైరీ | ఫిబ్రవరి 13

పూతకు రాకముందే పీకించండి. వేరుతో సహా రావాలంటే నేల తడిగా ఉన్నప్పుడే. చేతికి గ్లౌజులు, ముక్కుకు గుడ్డ తప్పనిసరి. దాని పుప్పొడికి కొందరికి ఉబ్బసం లేస్తుంది, ఆకు తగిలితే చర్మం మీద దద్దుర్లు వస్తాయి. పూత పట్టినదాన్ని కంపోస్టులో వేయకండి, ఒక్క మొక్క వేలల్లో గింజలు పెడుతుంది.

వానలు మొదలయ్యాక ఆ ఆకుల మీద లేత గోధుమ రంగు మీద ముదురు చారలున్న చిన్న పెంకు పురుగు కనిపిస్తే చంపొద్దు. వయ్యారిభామను తినడానికే 1983లో మెక్సికో నుంచి మన బెంగళూరుకు తెచ్చిన పురుగు అది. ఇక్కడ పరీక్షించి వదిలాక దేశంలో చాలా చోట్లకు పాకింది. ఎండాకాలం మట్టిలో నిద్రపోతుంది, కాబట్టి ఇప్పుడు మాత్రం చేతులే దిక్కు.


బెండతోట | మార్చి 1

అప్‌డేట్ ఇస్తున్నాను. నాలుగు మళ్ళనూ తవ్వి జల్లెడ పట్టాం. తర్వాత రెండింటికి పారదర్శకమైన షీటు వేశాను, రెండింటిని కోలారు గారు చెప్పినట్టు తడిపి గీకుతున్నాను.

గీకిన మళ్ళలో మొదటి దఫాకు పచ్చటి తివాచీలా మొలిచాయి, రెండో దఫాకు చాలా పల్చబడ్డాయి. షీటు కింద చిన్న కలుపు కనిపించడం లేదు. తుంగ రెండు రకాల మళ్ళలోనూ అక్కడక్కడా లేస్తోంది, అడయారు గారు చెప్పినట్టు షీటు కింద ఆకు మాడి పసుపెక్కింది. షీటు తీశాక వాటిని గడ్డతో తీస్తాను.

ఎర్రచీమలు పల్లీ ముద్దకు మొదటి వారం దండులా వచ్చాయి, ఇప్పుడు ఇటుకల అంచున రెండు కుప్పలు ఖాళీ. ఒకటి మాత్రం షీటు అంచు కింద పొడిగా ఉన్న చోటికి మారింది. అక్కడ ఎర పెట్టాను.

ఒక ప్రశ్న. ఖాళీ మడికి ఇన్ని నీళ్ళు పెట్టడం మనసుకు కష్టంగా ఉంది. 2024 వేసవిలో కావేరీ నీళ్ళు తోటలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అన్నారు కదా, ఆ రోజులు మర్చిపోలేదు.


అడయారు_పాదు | మార్చి 1

బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీళ్ళు బకెట్లో పట్టండి, నాలుగు మళ్ళలో ఒకదానికి రోజూ సరిపోతాయి. వంతులవారీగా తిప్పండి. ఆర్‌వో వదిలే నీళ్ళలో ఉప్పు ఎక్కువ, రోజూ అవే పోయకండి. తడిపిన వెంటనే ఎండుటాకులు కప్పితే సగం నీళ్ళు మిగులుతాయి. మీ ఊళ్ళో ఇప్పుడు కానుగ చెట్లు ఆకు రాలుస్తుంటాయి కదా, ఊడ్చి నింపే బస్తాలు అడిగి తెచ్చుకోండి. మొలకలు వేలెడు ఎదిగాక మొదలు వదిలేసి రెండు మూడు అంగుళాల మందాన పరిస్తే కొత్త కలుపుకు వెలుతురు అందదు.


బెండతోట | మార్చి 14

షీట్లు తీశాను. రేపు విత్తుతున్నాను. బెండ గింజలు రాత్రికి నానబెడతాను. తోటకూర గింజల మీదే భయం, మళ్ళీ చీమలు ఎత్తుకుపోతాయేమో.


పెరటి_పెద్దమ్మ | మార్చి 14

బెండ, బీర, దోస మట్టిలో వేలి కణుపంత లోతున పెట్టు, వాటి జోలికి చీమ పెద్దగా రాదు. తోటకూర, గోంగూర గింజలు గుప్పెడు పొడి ఇసుకలో కలిపి చల్లి, పైన సన్నటి ఎరువు జల్లించి, తడిపిన గోనె సంచి కప్పు. పొద్దునా సాయంత్రం సంచి మీదే నీళ్ళు చిలకరించు. మూడో రోజునుంచి అంచు ఎత్తి చూస్తూ ఉండు. తోటకూర నాలుగైదు రోజుల్లో తెల్లగా తల ఎత్తుతుంది, ఆ రోజు సాయంత్రమే సంచి తీసేయాలి, ఆలస్యమైతే మొలకలు సాగి సంచికి అతుక్కుంటాయి. గోంగూరకు ఇంకో రెండు రోజులు పట్టినా కంగారు పడకు. రెండూ వేరువేరు వరసల్లో వేసుకుంటే సంచి తీయడం సులువు.


పురుగుల_డైరీ | మార్చి 14

ఎర డబ్బాలు ఇంకో రెండు వారాలు అలాగే ఉంచండి బెండతోట గారూ. మడిలో ఒకటీ అరా చీమ తిరుగుతుంటే వదిలేయండి, అవి చిన్న గొంగళి పురుగుల్ని, గుడ్లను కూడా ఎత్తుకుపోతాయి. గింజ మోసుకెళ్ళే వరస కనిపిస్తేనే కొత్త ఎర.


కోలారు_రైతుబిడ్డ | మార్చి 15

బెండ వరసల మధ్య అడుగున్నర వదలండి, తొలిక తిరగాలి కదా. తుంగ ఈ నెలాఖరుకు మళ్ళీ లేస్తుంది.